వాన పడ్డాక విప్పే పెట్టె

మా క్వారీ రోడ్డు మీద పదకొండు ఇళ్ళు. జూన్ రాగానే ప్రతి ఇంట్లోనూ వీధి తలుపు పక్కన పెట్టెలు వచ్చి చేరతాయి, మనిషికొకటి చొప్పున. అడవి అంటుకుని ఇల్లు వదిలి పొమ్మని కబురొస్తే చేత్తో పట్టుకుని కారెక్కడానికి. రెండు జతల బట్టలు, మందులు, కాగితాలు, వదిలి వెళ్ళడానికి మనసొప్పని వస్తువు ఒకటి. మళ్ళీ నవంబరు ప్రాంతంలో మొదటి మంచి వాన పడిన రోజున ఆ పెట్టెలు విప్పి ఎక్కడివక్కడ సర్దేస్తాం. ఆ రోజు ఎవరు ఎవరికి ఫోన్ చేసినా, బాగున్నారా అని అడగరు. "పెట్టె విప్పారా?" అని అడుగుతారు.

ఆ ఏడాది మా తలుపు పక్కన రెండు పెట్టెలున్నాయి. ఒకటి నాది, రెండోది మా అత్తగారు ఒడీలియాది. అంతకుముందు మూడుండేవి.

నా భర్త ఆర్మండ్ ఏప్రిల్‌లో పోయాడు. ఇంటి వెనక మెట్ట మీద నీళ్ళ ట్యాంకు దగ్గర ఏదో పని చేసుకుంటూ పడిపోయాడు. నేను బడిలో ఉన్నాను. నాలుగో తరగతికి భిన్నాలు చెబుతున్నాను. అత్తయ్య వంటింట్లో ఉంది. భోజనానికి రాలేదేమని చూడటానికి వెళ్ళింది ఆవిడే.

ఆ తర్వాత మేమిద్దరం ఒక ఇంట్లో ఒద్దికగానే ఉన్నాం. ఉప్పు అందించమని అడిగేవాళ్ళం. మేకలకు దాణా అయిపోయిందని చెప్పుకునేవాళ్ళం. ఆర్మండ్ పేరు మాత్రం మా మధ్యకు వచ్చేది కాదు. అది మర్యాద అనుకున్నాను నేను.

ఆగస్టులో మా ఆడపడుచు లూర్దెస్ మోడెస్టో నుంచి కారు వేసుకుని వచ్చింది. వంటింటి బల్ల దగ్గర నా ఎదురుగా కూర్చుంది.

"వదినా, నేను దెబ్బలాడ్డానికి రాలేదు. అన్నయ్య ఉన్నప్పుడు వేరు. ఇప్పుడు కరెంటు పోతే బావి మోటారు ఆగుతుంది. మోటారు ఆగితే ట్యాంకు నిండదు. అమ్మ ఎనభై ఒక్కేళ్ళ మనిషి. నువ్వు పొద్దున బడికెళ్తే సాయంత్రం గానీ రావు."

"నిజమే," అన్నాను.

"వాన పడేదాకా చూస్తాను. మొదటి వాన పడగానే వచ్చి నాతో తీసుకెళ్తా. పెట్టె ఎలాగూ సర్దే ఉందిగా. ఈసారి విప్పొద్దని చెప్పు."

అత్తయ్య పొయ్యి దగ్గర మాకు వీపు పెట్టి నిలబడి చిక్కుడు గింజలు కలుపుతోంది. ఆవిడకు చెవులు బాగానే వినిపిస్తాయి. కొడుకు పోయాక కూతురి దగ్గర ఉండాలని ఏ తల్లికైనా ఉంటుందని నేను అనుకున్నాను. అందుకే మాట్లాడలేదు. నేను మాట్లాడకపోవడాన్ని ఆవిడ ఏమనుకుంటుందో ఆలోచించలేదు.

*

సెప్టెంబరు మూడో వారంలో మొదటి కబురు వచ్చింది. బుధవారం సాయంత్రం నుంచి ఉత్తరపు గాలి ఉంటుంది, తీగలు తెగి నిప్పు రాజుకోకుండా కరెంటు తీసేస్తాం, మళ్ళీ ఎప్పుడిస్తామో గాలి తగ్గాక చెబుతాం, అని కరెంటు కంపెనీ వాళ్ళ ఫోను.

బడిలో ఆ రోజు పిల్లల చేత జాబితాలు రాయించాను. కరెంటు పోయేలోపు ఇంట్లో ఏమేమి నీళ్ళతో నింపాలి అని. ఇది ఏటా చేసే పనే. స్నానాల తొట్టి, కుండలు, వాషింగ్ మిషను, కుక్క గిన్నె. ఒక పాప మాత్రం చివర్లో ఇలా రాసింది: 'మా నాన్న బూట్లు తప్ప అన్నీ నింపాం.' దానికి పదికి పది వేశాను.

మంగళవారం ఇంటికి వచ్చేసరికి అత్తయ్య స్నానాల తొట్టి నింపేసింది. అలమారలోంచి మామగారి కాలపు గాజు జాడీలు తీసి, కడిగి, వరసగా నిలబెట్టింది. ఫ్రీజరులో ఖాళీ ఉన్న చోటల్లా నీళ్ళ సీసాలు కుక్కింది. కరెంటు లేకున్నా పనిచేసే పాత తీగ ఫోను తెచ్చి గోడకు తగిలించింది.

"ఇక ట్యాంకే," అంది, నా వైపు చూడకుండా.

"నేను చూసొస్తాను అత్తయ్యా."

ఆవిడ ఏదో అనబోయింది. నేను అప్పటికే తలుపు దాటాను.

ఏప్రిల్ తర్వాత నేను ఆ మెట్ట ఎక్కడం అదే మొదలు. ట్యాంకు రెండున్నర వేల గాలన్లది. మెట్ట మీద ఉంది కాబట్టి కరెంటు లేకపోయినా నీళ్ళు వాటంతటవే ఇంట్లోకి దిగుతాయి. ఆర్మండ్ చేసినట్టే వేలి ముడులతో కింది నుంచి పైకి కొట్టి చూశాను. పై అంచు దాకా బరువైన చప్పుడే వచ్చింది. నిండుగా ఉంది.

ట్యాంకు అడుగున రెండు గొట్టాలున్నాయి. ఒకటి ఇంటికి. రెండోది కింద గేటు దాకా పోతుంది. నిప్పు వచ్చినప్పుడు అగ్నిమాపక బండ్లు నీళ్ళు పట్టుకోవడానికి. ఆ రెండో గొట్టం మీది వాల్వు పిడి గొట్టం వెంటే, అదే దిశలో ఉంది. పిడి గొట్టం వెంట ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. మా కొండ మీద నాలుగో తరగతి పిల్లలకు కూడా ఈ సంగతి తెలుసు. చెప్పేది నేనే. ఆర్మండ్ తెరిచి వదిలేశాడే అనుకుని పిడిని అడ్డంగా తిప్పాను. ఒక అట్టముక్క మీద 'మూసి ఉంది' అని రాసి, దారంతో పిడికి కట్టాను. మంచి దస్తూరీతోనే రాశాను. చేతులు వణకలేదని నన్ను నేనే కొంచెం మెచ్చుకున్నాను కూడా.

దిగి వచ్చి గేటు స్తంభం మీద బకెట్ బోర్లించాను. ఇది మా రోడ్డు ఆచారం. కరెంటు లేని రోజుల్లో స్తంభం మీద బకెట్ బోర్లించి ఉంటే ఆ ఇంట్లో నీళ్ళకు లోటు లేదని. స్తంభానికి వేలాడుతుంటే లేవని. ఎవరూ తలుపు తట్టి అడగనక్కర్లేదు, చెప్పుకోనక్కర్లేదు.

*

బుధవారం సాయంత్రం ఫ్రిజ్ చప్పుడు ఆగిపోయింది. గాలి అప్పటికే లేచింది. గురువారమంతా పైన్ చెట్లు హోరెత్తాయి. బడికి సెలవు. మధ్యాహ్నం గిన్నెలు కడుగుతుంటే కుళాయి ధార సన్నబడింది, రెండుసార్లు దగ్గింది, ఆగిపోయింది.

మెట్ట ఎక్కి ట్యాంకు మీద కొట్టాను. అడుగు దాకా డొల్లగా మోగింది.

గొట్టం వెంట కిందికి నడిచాను. గేటు పక్కన ముళ్ళపొదల వెనక నేలంతా బురద. ఆ బురదలో గొట్టం చివర నోరు తెరుచుకుని ఉంది. దానికి మూత లేదు. పక్కనే గడ్డిలో కొత్త మూత ఒకటి కాగితపు సంచీలో అలాగే పడి ఉంది. మరికాస్త దూరంలో ఎర్ర చేతిరుమాలు ముళ్ళకు పట్టుకుని వేలాడుతోంది.

అప్పుడు తెలిసింది, ఏప్రిల్‌లో ఆర్మండ్ చేస్తున్న పని ఏమిటో. చలికాలంలో పగిలిన మూత తీసేశాడు. కొత్తది బిగించేలోపు బల్లులూ చీమలూ దూరకుండా జేబులోని రుమాలు ఉండచుట్టి గొట్టంలో కుక్కాడు. దేనికో పైకి, ట్యాంకు దగ్గరకు వెళ్ళాడు. నేను మూసిన వాల్వు దాటి నీళ్ళెలా వచ్చాయో మాత్రం అర్థం కాలేదు. వచ్చిన నీళ్ళను ఆ రుమాలు ఎంతసేపు ఆపిందో తెలియదు. గాలి హోరులో ఆ చప్పుడు మాకు వినపడలేదు.

రుమాలు నిండా మట్టి. ఉతకడానికి నీళ్ళు లేవు. అలాగే మడిచి జేబులో పెట్టుకున్నాను.

అత్తయ్య బల్ల దగ్గర కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది.

"అత్తయ్యా, ట్యాంకు ఖాళీ అయిపోయింది."

ఆవిడ చేతులు ఆగాయి. "గేటు గొట్టం పిడి తిప్పావా?"

"మూశాను."

"ఎలా? అడ్డంగానా?"

"అడ్డంగానే."

ఆవిడ కళ్ళు మూసుకుని తెరిచింది. "అది తిరగేసి ఉంటుంది. పాత పిడి విరిగితే మేకల తొట్టి దగ్గరిది పీకి దానికి తగిలించాడు వాడు. అది అలాగే కూర్చుంటుంది. గొట్టం వెంట ఉంటే మూసినట్టు. అడ్డంగా పెడితే తెరిచినట్టు. మార్చరా అంటే, 'మనింట్లో అందరికీ తెలుసుగా అమ్మా' అనేవాడు."

"నాకు తెలీదు."

"నాకు తెలుసు."

"మీరు చెప్పలేదు."

"నువ్వు అడగలేదు." ఆవిడ వెల్లుల్లి పొట్టు దగ్గరకు తోసింది. గొంతులో కోపం లేదు. "వాడి పేరెత్తితే నువ్వు లేచెళ్ళి పిల్లల పుస్తకాలు దిద్దుకుంటావు. ఇంక పిడి సంగతి ఎప్పుడు చెప్పను నీకు?"

"మీరు బాధపడతారని," అన్నాను.

"నేను బాధపడకూడదా?" అంది అత్తయ్య.

నేను రుమాలు తీసి బల్ల మీద పెట్టాను. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. చాలాసేపు చూసింది. తర్వాత గేటు వైపు గడ్డం ఎగరేసింది.

"బకెట్ తిప్పొచ్చావా?"

"స్నానాల తొట్టిలో నీళ్ళున్నాయి. పొదుపుగా వాడితే..."

"నాలుగు మేకలు. మనమిద్దరం. రేపు సాయంత్రానికి తొట్టి అడుగు కనిపిస్తుంది."

"చివరింటి వర్న్ చూస్తే వాళ్ళావిడకు చెబుతాడు. ఆవిడ లూర్దెస్‌తో మాట్లాడుతూనే ఉంటుంది."

"మాట్లాడనీ."

"మొదటిసారికే ఇలా అయిందంటే లూర్దెస్ మిమ్మల్ని ఇక్కడ ఉండనిస్తుందా?"

ఆ మాట నా నోట్లోంచి అలా వచ్చేసింది. అత్తయ్య నన్ను ఒక క్షణం చూసింది, కొత్తగా వచ్చిన మనిషిని చూసినట్టు. తర్వాత చేతికర్ర అందుకుని లేచింది. గేటు దాకా వెళ్ళి రావడానికి ఆవిడకు పావుగంట పట్టింది. కిటికీలోంచి చూశాను. స్తంభం మీది బకెట్ తీసి, గాలికి ఎగిరే ఏప్రన్ ఒక చేత్తో పట్టుకుని, మేకుకు వేలాడదీసింది.

*

వర్న్ మా రోడ్డు చివరి ఇంట్లో ఉంటాడు. వాలంటీరు అగ్నిమాపక దళంలో ముప్పై ఏళ్ళ నుంచి ఉన్నాడు. గంటన్నరలో నీళ్ళ లారీతో వచ్చాడు. ట్యాంకులోకి గొట్టం వదిలి, నేను కట్టిన అట్టముక్క తిప్పి తిప్పి చూశాడు.

"టీచరమ్మా, అక్షరాలు మాత్రం ముత్యాలు. జవాబే తప్పు."

"సున్నా వేసుకున్నాను లెండి."

"సున్నా ఎందుకూ? నాకూ వచ్చింది ఈ సున్నా." అతను చేతికర్ర పట్టుకుని మెల్లగా మెట్ట ఎక్కివస్తున్న అత్తయ్య వైపు తిరిగాడు. "పెద్దమ్మా, గుర్తుందా? నాలుగేళ్ళ క్రితం ఇక్కడ మా దళమంతా ప్రాక్టీసు చేసిన రోజు. పైనుంచి పెద్దాఫీసరు కూడా వచ్చాడు. నేను మహా గొప్పగా పిడి గొట్టం వెంట తిప్పి, వదలండ్రా నీళ్ళు అని అరిచా. చుక్క రాలేదు. మీవాడు మహానుభావుడు, చూసి కూడా నోరిప్పడే!"

"కూలబడ్డాడు," అంది అత్తయ్య. "నవ్వి నవ్వి ఇక్కడే, ఈ మట్టిలోనే కూలబడ్డాడు. ప్యాంటు ఉతకలేక చచ్చాను."

"వారం రోజులు నన్ను 'చుక్క రాని దొర' అన్నాడు. మా ఆవిడ ఇప్పటికీ అంటుంది."

అత్తయ్య నవ్వింది. భుజాలు కదిలేలా, చప్పుడు లేకుండా నవ్వింది. ఆర్మండ్ అలాగే నవ్వేవాడు. అది ఆవిడ నవ్వని అప్పటిదాకా నాకు తట్టనే లేదు. నేనూ నవ్వాను. నవ్వు మధ్యలో అది ఇంకోటి అయింది. ఇద్దరూ చూడనట్టే ఉన్నారు.

వర్న్ పానా బయటికి తీశాడు. "ఇది మాత్రం మార్చేస్తానమ్మా. రేపు నిజంగా నిప్పొస్తే బయటి ఊళ్ళ బండ్లు వస్తాయి. ఆ కుర్రాళ్ళకి మనింటి సంగతులు తెలీవు. ఈ పిడి చూసి, నీళ్ళు లేవనుకుని ముందుకెళ్ళిపోతారు."

అతను చెప్పింది సబబే. అయినా అత్తయ్య వైపు చూశాను.

"మార్చెయ్," అంది ఆవిడ.

రెండు నిమిషాల పని. పాత పిడి ఊడదీసి, కొత్తది సరిగ్గా బిగించాడు. కింది గొట్టానికి సంచీలోని మూత కూడా తనే బిగించాడు. పాత పిడిని లారీలో పడెయ్యబోతుంటే అత్తయ్య చెయ్యి చాచింది. తీసుకుని ఏప్రన్ జేబులో వేసుకుంది.

*

శుక్రవారం మధ్యాహ్నం తీగ ఫోను మోగింది. ఫ్రీజరు కరిగిపోతోంది కాబట్టి అత్తయ్య లింగీసా సాసేజీలన్నీ బయటికి తీసి, కేల్ ఆకు తరుగుతోంది. పక్కిళ్ళ వాళ్ళు కూడా కరిగినవి కరిగినట్టు తెచ్చి మా బల్ల మీద పెట్టి వెళ్ళారు. గ్యాసు పొయ్యి మీద పెద్ద కుండ ఉడుకుతోంది.

"వదినా, నీళ్ళు లేవట."

"నిన్న లేవు. వర్న్ తెచ్చి సగం ట్యాంకు పోశాడు. ఖాళీ అయింది నా వల్లే. వాల్వు తప్పు తిప్పాను."

"చూశావా. నేనన్నది ఇదేగా."

"అవును."

"అవును, నిజమే. ఎప్పుడూ ఈ రెండు మాటలే నీ దగ్గర. ఇక్కడ కూర్చుని భయంతో చస్తున్నా వదినా. ఆ రోజు అన్నయ్య దగ్గర ఎవరూ లేరు. అమ్మక్కూడా అలా అయితే? నాతో పంపిస్తావా లేదా, ఒక్క మాట చెప్పు."

నా వెనక కత్తి చప్పుడు ఆగలేదు. నెమ్మదించింది.

"పంపించను," అన్నాను. "అత్తయ్య వెళ్తానంటే అది ఆవిడ ఇష్టం. ఆపను. నా అంతట నేనైతే పంపించను."

"ఈ ముక్క ఆగస్టులో అనొచ్చుగా," అంది లూర్దెస్. గొంతు మారింది.

"అనాల్సింది."

"అమ్మకివ్వు."

నేను ఫోను చాచాను. అత్తయ్య తల అడ్డంగా ఊపింది. "చేతులు తడిగా ఉన్నాయని చెప్పు."

చెప్పాను.

"నీళ్ళు లేని ఇంట్లో చేతులెలా తడిశాయట?" అంది లూర్దెస్. ముక్కు చీది, నవ్వి, పెట్టేసింది.

అత్తయ్య ఆ విషయం ఎత్తలేదు. కుండలోంచి గరిటెడు సూపు తీసి నా ముందు పెట్టింది.

"ఉప్పు చూడు," అంది. "వాడైతే ఇంకాస్త వెయ్యమనేవాడు."

నేను లేచి వెళ్ళిపోలేదు. "వేయండి," అన్నాను.

*

అక్టోబరులో మరో రెండుసార్లు కరెంటు తీశారు. రెండుసార్లూ ఇద్దరం కలిసే మెట్ట ఎక్కాం. అత్తయ్య బోర్లించిన డబ్బా మీద కూర్చుని ఏది ఎప్పుడు తిప్పాలో చెప్పేది. మోటారు పెట్టెలో కందిరీగలు ఎక్కడ గూడు పెడతాయో, గొట్టం ఏ మలుపు దగ్గర గడ్డకడుతుందో, ఆర్మండ్ పదేళ్ళ వయసులో పాత ట్యాంకులో పడి ఎలా తేలాడో చెప్పింది. నేను నోటుపుస్తకంలో రాసుకున్నాను. కొన్ని నీళ్ళకు సంబంధించినవి కావు. అవీ రాసుకున్నాను.

ఒక్కటి మాత్రం అడగలేకపోయాను. తలుపు పక్కన రెండు పెట్టెలూ అలాగే ఉన్నాయి. లూర్దెస్ ప్రతి ఆదివారం ఫోన్ చేసి తల్లితో మాట్లాడేది. ఏం మాట్లాడుకున్నారో ఆవిడ చెప్పేది కాదు. పంపించనని నా మాట నేను చెప్పేశాను. ఉంటానని ఆవిడ అనలేదు. మళ్ళీ మళ్ళీ అడిగితే, మొహమాటానికి ఉండిపోతుందేమోనని భయం.

నవంబరు తొమ్మిదిన వాన పడింది. తెల్లవారుజామున రేకుల మీద మొదలై, వెలుగు వచ్చేసరికి కురుస్తూనే ఉంది. శనివారం. వంటింట్లోకి వచ్చి కాఫీ పెట్టాను. తలుపు వైపు చూశాను. నా పెట్టె ఒక్కటే ఉంది.

లూర్దెస్ బయల్దేరి ఉంటుందనుకున్నాను. మోడెస్టో నుంచి మూడు గంటల దారి. ఏ మందులు ఏ పూట వేసుకోవాలో కాగితం మీద రాసి ఇవ్వాలి. మేకల పాలు పిండటం ఎవరి దగ్గరైనా నేర్చుకోవాలి. రెండు కప్పులు తీసినదాన్ని ఒకటి మళ్ళీ లోపల పెట్టబోయాను.

అప్పుడు అత్తయ్య గదిలోంచి చెక్కకు చెక్క రాసుకున్న చప్పుడు వచ్చింది. ఆవిడ గదిలో మూడు సొరుగుల పాత బల్ల ఒకటుంది. మొదటి సొరుగు తెరుచుకుంది. కాసేపటికి మూసుకుంది. రెండోది తెరుచుకుంది, మూసుకుంది. మూడోది వానాకాలంలో ఉబ్బి బిగుసుకుపోతుంది. చిత్రిక పడతానని ఆర్మండ్ ఏళ్ళ తరబడి అన్నాడు. పట్టలేదు. ఆవిడ దాన్ని లాగుతున్నట్టు వినపడింది. వెళ్ళి సాయం చేద్దామని లేచి, ఆగిపోయాను. ఒకసారి, రెండుసార్లు అరచేత్తో కొట్టింది. వచ్చింది. పిడిలాంటి ఇనుప వస్తువేదో దాని అడుగున తగిలి చిన్నగా మోగింది. సొరుగు మూసుకుంది.

ఫోను మోగింది. వర్న్ భార్య.

"ఏమ్మా, పెట్టె విప్పారా?"

"విప్పుతున్నాం," అన్నాను.